దేనితో తెరవాలి

పొందూరులో మా డీటీపీ షాపు షట్టరు
సగం ఎత్తేసరికే
మెట్టు మీద కూర్చుని ఉంది అప్పలనరసమ్మ.
కొంగు ముడి విప్పింది.
చిల్లర, వక్కపొడి పొట్లం, వాటి మధ్య
గోరంత పెన్ డ్రైవు.

"సొసైటీ గుమాస్తా పనొగ్గీసి పోతా ఇచ్చినాడు బావూ.
నాను ఎన్నేళ్ళు వడికినానో ఇందులో ఉందంట.
పింఛనోళ్ళు కాయితం అడుగుతున్నారు."

గుచ్చాను. లోపల ఒక్కటే ఫైలు.
పేరు చివర చుక్క, చుక్క పక్కన మూడక్షరాలు.
ఆ మూడింటినీ ఈ మెషీను ఎరగదు.
తెల్లటి కిటికీ ఒకటి పైకొచ్చింది:
దీన్ని దేనితో తెరవాలి?

"ఏటంటంది?"
"దేనితో తెరవాలని అడుగుతోందమ్మా."
"దానికి తెల్దేటి?"

తెలీదు.
దానికి తెలిసిందల్లా ఎవరో ఒకప్పుడు చెప్పిందే.
మొన్న వేసవిలో మా మేనల్లుడు
'ఎప్పుడూ దీనితోనే' అన్న గడిలో టిక్కు పెట్టి
రాజాం బస్సెక్కేశాడు.
నెల రోజులు
పెళ్ళి కార్డులూ పంచాయతీ తీర్మానాలూ
పాటల ప్లేయర్లో తెరుచుకున్నాయి
చప్పుడు లేకుండా,
సున్నా నిమిషాలు, సున్నా సెకన్లు.

నోట్‌ప్యాడ్‌తో తెరిచాను.
డబ్బాలు, డబ్బాలు, తోకలున్న అక్షరాలు.
ఊకలో నూకల్లా అక్కడో ముప్ఫై రెండు, ఇక్కడో ఇరవై ఎనిమిది.
వర్డ్‌తో తెరిచాను, అది నన్నే ఎదురు ప్రశ్న వేసింది.
సిగ్గు విడిచి ఫొటోల దాంతో కూడా చూశాను.
నల్ల తెర.

"మాకు వాలుగ సేప దవడ ఉంటాది బావూ," అందామె
తెర వంక కాదు, తన వేళ్ళ వంక చూస్తూ.
"కొండపత్తి దాంతోనే ఇడతాది.
ఇనప దువ్వెన ఎట్టినావా, పోగు సచ్చిపోద్ది.
దేంతో ఇప్పాలో పత్తే సెప్తాది.
ఇదేటి, మనల్నడుగుతాది?"

ఏటి.
ఆమె నోట్లో అది ప్రశ్న.
నా బడి పుస్తకంలో నాగావళి ఒడ్డు.
మా నాన్న కొట్టు ఖాతాలో పోయిన సంవత్సరపు బాకీ.
అవే రెండక్షరాలు.
గుంటూరు నుంచి బదిలీ మీదొచ్చిన బ్యాంకు మేనేజరు
'గుంట ఏడుస్తంది సార్' అంటే
కాళ్ళ కింద నేల చూసుకున్నాడు.
పాపం, ఆయనకెవరు టిక్కు పెట్టి పంపారో.

జాబితా అడుగున 'మరిన్ని' నొక్కితే
లెక్కల షీటు దొరికింది.
ఈసారి గళ్ళు గళ్ళుగా విడింది.
పేర్ల గడిలో మాత్రం ఇంగ్లీషు అక్షరాల చెత్త.
పాత సీడీ దులిపి, ఇరవయ్యేళ్ళ కిందటి తెలుగు ఫాంటు ఎక్కించి,
వరుస మొత్తం పట్టి మార్చాను.

ఒక్కసారిగా ఆడవాళ్ళు.
తవిటమ్మ, గడ్డెమ్మ, నీలాచలమ్మ, రెండో తవిటమ్మ,
చిలపల లెక్కతో, కూలి పైసలతో,
వరసగా, రాట్నాల ముందు కూర్చున్నట్టే.

"నానేదీ?"

నూట పదకొండో గడిలో ఉంది.
ఊరు సరే, చిలపలు సరే.
పేరు: అప్పల నరసయ్య.

మూసి మళ్ళీ తెరిచాను.
ఇంకో ప్రోగ్రాంతో తెరిచాను.
నరసయ్యే.
చదివి వినిపించాక కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నోరారా నవ్వింది, పైపళ్ళు రెండూ లేవు.

"దవడ మంచిదే బావూ.
గింజే పత్తిలో ఉండిపోనాది.
ఆ గుమాస్తాకి నానెప్పుడూ నరసయ్యలాగే కనబడ్డానేటో.
అచ్చెయ్యి. ఆళ్ళతో నాను పోట్లాడుకుంటాను."

అచ్చేశాను.
వద్దంటే వినకుండా కీబోర్డు మీద పది రూపాయలు పెట్టింది.
కాగితం నాలుగు మడతలై కొంగులోకి పోయింది,
వక్కపొడి పక్కకి.

తెర మీద ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది:
ఎప్పుడూ దీనితోనే.
బాణం దాని మీదే నిలబెట్టి చూస్తున్నాను.

మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది.
"ఏటి?" అంది.
ఏమీ లేదన్నాను.